తూర్పు గుమ్మం

నాకు అసూయ ఎక్కువ. దాచుకోవడం చేతకాదు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. పక్కింటివాడు కొత్త కారు కొంటే పెద్దగా పట్టించుకోను. ఆఫీసులో నాకన్నా చిన్నవాడికి ప్రమోషన్ వస్తే ఒక పూట అన్నం సయించదు, మర్నాటికి మర్చిపోతాను. కానీ 1983 వేసవిలో దైవాశీర్వాదం మీద నాకు పుట్టింది అలా ఒక పూటలో పోయేది కాదు. మే నెలలో పట్టుకుంది, ఆగస్టు దాకా వదల్లేదు.

అప్పుడు మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళం. నేను, నా భార్య రాధారాణి, పెళ్ళయిన పదేళ్ళకి పుట్టిన మా మీనా. నేను ఒక సివిల్ ఇంజనీరింగ్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కొత్తగా కడుతున్న ఇళ్ళ కాలనీలకి మురుగు పైపులు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలో గీసేవాణ్ణి. అదీ ఎంతకాలమో తెలియదు, గీసే కంప్యూటర్లు వస్తున్నాయని ఆఫీసులో గుసగుసలు అప్పటికే మొదలయ్యాయి.

మే నెలలో ఒక శనివారం పొద్దున మా తెలుగు సంఘం కార్యదర్శి శ్రీధర్ ఫోన్ చేశాడు.

"నరసింహ గారూ, ఒక గుడ్ న్యూస్ అండీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యూజియం వాళ్ళు ఫోన్ చేశారు. కృష్ణ ఒడ్డున బౌద్ధుల మానెస్టరీ ఒకటి డ్యామ్ నీళ్ళలో మునిగిపోయింది కదా, అక్కడి శిల్పం ఒకటి వాళ్ళకి లోన్ మీద వస్తోందంట. పక్కన ఆ మానెస్టరీ మోడల్ పెడతారంట. దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నవాణ్ణి.

"ఎవరి పేరు చెప్పావు?"

"ఇంకెవరిదండీ, మన ఆశీర్వాదం గారిది. ఉగాది ఫంక్షన్‌లో ఆ తవ్వకాల కబుర్లు చెప్పారు కదా. ఏం చెప్తారండీ ఆయన, సినిమా చూసినట్టే."

ఒళ్ళు మండిపోయింది. చాలా సంతోషం అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నా మంటకి కారణం ఉంది. ఆనకట్ట పూర్తయితే లోయంతా మునిగిపోతుందని, ఆ లోపల దొరికినంత తవ్వి రాసుకోవాలని సర్కారు క్యాంపు పెట్టినప్పుడు, 1959లో, నేనూ దైవాశీర్వాదం ఒకే డేరాలో ఉండేవాళ్ళం. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. స్తూపాలు, మండపాలు, భిక్షువుల ఆరామాలు టేపు పట్టి కొలిచి కాగితం మీదికెక్కించింది నేను. వాడు కూలీల మస్టరు రాసే గుమాస్తా. పొద్దున పేర్లు పిలిచేవాడు, సాయంత్రం పేర్లు పిలిచేవాడు, మధ్యలో వేపచెట్టు నీడలో కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఇటుక కొలత ఎంతో వాడికి ఇప్పటికీ తెలియదు. అలాంటివాణ్ణి మ్యూజియం వాళ్ళు పిలిచారు.

వాడి భార్య విమలకుమారి నర్సు. ఆవిడకి ఇక్కడ హాస్పిటల్లో ఉద్యోగం వచ్చి, ఆవిడ వెనక వాడూ వచ్చాడు. ఏ తెలుగువాళ్ళ భోజనాల్లోనో మళ్ళీ కలుసుకున్నాం. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. వాడు అదే హాస్పిటల్లో స్టోర్స్ చూసుకుంటూ, ఆదివారం హేవర్డ్‌లో తెలుగు చర్చికి వెళ్ళి, అటు నుంచి అటే మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు.

ఆ మర్నాడూ వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో పెరట్లో పండించిన గోంగూర కట్ట.

"చెల్లెమ్మా, ఇది పచ్చడి చెయ్యి. పప్పులో వేస్తే నేనొప్పుకోను," అని గోంగూర రాధారాణికి ఇచ్చి నా వైపు తిరిగాడు. "ఒరేయ్ నరసింహా, ఆ మ్యూజియం సంగతి విన్నావా? లిండా అని ఒకావిడంట, నిన్న గంటసేపు మాట్టాడింది. నాకు నోరుందిగానీ చెయ్యి లేదని చెప్పా. నువ్వు గీసిపెట్టాల్రా. ఇద్దరం కలిసి చేద్దాం."

నేను మనిషినైతే అక్కడే సరేననాలి. "ఆఫీసులో పని ఎక్కువగా ఉంది," అన్నాను.

"శని ఆదివారాలు కూడానా?"

"ఓవర్‌టైమ్."

రాధారాణి వంటింట్లోంచి తొంగి చూసింది. మా ఆఫీసులో ఓవర్‌టైమ్ ఉండి ఏడాది దాటిందని ఆమెకి తెలుసు.

మీనా వాడి పక్కన చేరింది. పదమూడేళ్ళ పిల్ల, నేను పిలిస్తే పుస్తకంలోంచి తలెత్తదు. "అంకుల్, ఆ మాంక్స్ అందరూ ఎక్కడికి వెళ్ళారు? వై డిడ్ దే లీవ్?"

"అది ఎవరికీ తెలియదమ్మా. రెండు మూడొందల ఏళ్ళున్నారు. రాజులు మారారు, దానాలిచ్చే షావుకార్లు పోయారు. ఇరవై మంది పదిమందయ్యారు, పదిమంది అయిదుగురయ్యారు. ఆ చివరి అయిదుగురూ ఎటు నుంచి వెళ్ళారో మాత్రం నేను చెప్పగలను. తూర్పు గుమ్మంలోంచి, ఏట్లోకి."

నేను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాను. తూర్పు గుమ్మమేమిటి?

"తూర్పున గదుల వరస మధ్యలో ఒక గది వెనక గోడ కొట్టి దారి చేసుకున్నారమ్మా," అని వాడు మీనాకి చెబుతూనే ఉన్నాడు. "దిగితే కృష్ణ. గడపరాయి మధ్యలో అరిగిపోయి పళ్ళెంలాగా ఉండేది. ఎంతమంది తొక్కితే అట్టా అరుగుద్ది చెప్పు. మీ విమలా ఆంటీని నేను మొదట చూసింది కూడా ఆ గుమ్మంలోనే."

"డాడీ, నువ్వు కూడా అక్కడ ఉన్నావు కదా. నువ్వెప్పుడూ ఇలాంటివి చెప్పవు."

"మీ డాడీకి టేపు పట్టుకోవడమే సరిపోయేదమ్మా," అని వాడు నవ్వాడు. ఎగతాళి కాదు, ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం సూది గుచ్చినట్టయింది.

వాడు వెళ్ళగానే గరాజ్‌లోకి వెళ్ళి అటక మీంచి రేకు గొట్టం దించాను. క్యాంపు వదిలి వచ్చేటప్పుడు నేను గీసిన వాటి ప్రింట్లు కొన్ని తెచ్చుకున్నాను. పద్నాలుగో నంబరు ఆరామం. మధ్యలో నలుచదరపు ముంగిలి, ఉత్తరాన గుమ్మం, పడమట తొమ్మిది గదులు, తూర్పున తొమ్మిది గదులు. తూర్పు గోడ ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క గీత. గుమ్మం లేదు.

ఎంత సంతోషించానో చెప్పలేను. వాషింగ్ మెషిన్ మీద ప్రింటు పరుచుకుని, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. అది కూడా చెప్పాలి.

పడమటి గదులు నేను కొలిచాను. తూర్పు గదులు కొలవలేదు. అవి మట్టిలోంచి బయటపడిన వారం నేను క్యాంపులో లేను. పెళ్ళిచూపులకని తెనాలి వెళ్ళాను. మూడు రోజుల సెలవు పెట్టినవాణ్ణి పిల్ల నచ్చేసి పది రోజులు మేనత్త ఇంట్లో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి కృష్ణకి వరదొచ్చి తూర్పు వైపంతా ఒండ్రు కింద ఉంది. ఫోటోగ్రాఫరు పెద్ద స్తూపం దగ్గర మకాం. ఈ చిన్న ఆరామానికి తీసింది ఒకే ఫోటో, అదీ పడమటి నుంచి. మా సూపర్‌వైజరు, "ఆరామాలన్నీ అటూ ఇటూ ఒక్కలాగే ఉంటాయి, మడిచి గీసెయ్యవయ్యా," అన్నాడు. ట్రేసింగ్ గుడ్డ మధ్యకి మడిచి, పడమటి గోడల మీంచి తూర్పు గోడలు దింపేశాను. క్యాంపులో అందరూ చేసిందే. సగం కొలిచి సగం మడవకపోతే నీళ్ళొచ్చేలోపల అన్ని కట్టడాలు గీయగలిగేవాళ్ళం కాదు.

ఈ సంగతి రాధారాణికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో నేనే చెప్పాను. ఆమెకి అది ఎంత నచ్చిందంటే, ఎప్పుడైనా నేను కోపంగా ఉంటే దగ్గరికొచ్చి, "నా కోసం ఒక ఆరామాన్నే మడతపెట్టిన మహానుభావులు," అనేది. నా కోపం పోయేది. అది మా ఇద్దరి మధ్య మాట, మూడోవాళ్ళకి తెలియదు.

గుమ్మం ఉందని నేను చూడలేదు, లేదని కూడా చూడలేదు. వాడు చెప్పినట్టు గడపరాయి పళ్ళెంలా అరిగిపోవడం ఊహించి చెప్పేవాడు చెప్పే మాట కాదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా సంతకం పెట్టిన ప్లాను నా వైపుంది. ప్రింటు చుట్టి గొట్టంలో పెట్టేశాను.

జూన్ అంతా వాడి వైభవమే. లిండా వారానికోసారి టేప్ రికార్డర్ పట్టుకుని వాడింటికి వచ్చేది. తూర్పు గుమ్మం విని ఆవిడ కుర్చీలో కూర్చోలేకపోయిందట. ఇలాంటి ఆరామాలకి ఒకటే గుమ్మం ఉంటుందని, ఏటివైపు ఇంకోటి కొట్టుకున్నారంటే చివరి రోజుల్లో అక్కడ ఎవరు వచ్చి పోయేవాళ్ళో, భిక్షువులు ఎలా బతికారో కొత్తగా రాయాల్సి ఉంటుందని అన్నదట. ఆ మానెస్టరీ మీద ఇప్పటిదాకా ఎవరూ రాయని సంగతి ఇది, మీ పేరుతోనే వేస్తాం అన్నదట. ఇదంతా వాడు ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి గోంగూర పచ్చడితో పాటు వడ్డించేవాడు.

"నువ్వు కూడా రారా ఒకసారి. నేను చెప్పేదాంట్లో ఏదన్నా తప్పుంటే నువ్వు సరిచేస్తావు," అన్నాడొక రోజు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నా ప్లానులో గుమ్మం లేదురా, కానీ ఆ వైపు నేను చూడనూ లేదు అని రెండు ముక్కలు చెబితే అయిపోయేది. వాడు నవ్వేసేవాడు. నేను చెప్పలేదు. పదిమందిలో చెప్పాలని ఆగాను.

జులై మూడో శనివారం మధ్యాహ్నం, ఒక స్కూలు కెఫెటేరియాలో మా సంఘం సభ. అరవై డెబ్బై మంది వచ్చారు. ముందు వరసలో లిండా, పక్కన అట్టముక్కలతో చేసిన ఆరామం నమూనా. అసలు మోడల్ కట్టేముందు తప్పొప్పులు చూసుకోవడానికి తెచ్చింది. దైవాశీర్వాదం కోటు వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. తెలుగులో కొంత, ఇంగ్లీషులో కొంత, చేతులతో కొంత చెప్పాడు.

"తూర్పు గదులు బయటపడ్డ వారం లోయలో కలరా. మిషన్ ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చింది, కూలీలందరికీ సూదిమందు వెయ్యటానికి. తూర్పు గుమ్మంలో ఏటిగాలి వస్తదని అక్కడ బల్ల వేయించుకుంది. నేను మస్టరు పట్టుకుని పేరు పిలవటం, వాళ్ళొచ్చి చెయ్యి చాపటం. రెండొందల పదకొండు మంది. అంతా అయిపోయాక పెట్టె సర్దుకుంటూ, మస్టరు రాసేవాడికి సూది వద్దా అనడిగింది. సూదంటే నాకు చచ్చేంత భయం. గడప మీద నిలబడి ఒకటే చెమట. పారిపోదామంటే వెనకాల కృష్ణ."

హాలంతా నవ్వింది. తర్వాత ఎవరో ముక్కు చీదుకోవడం వినిపించింది. విమలకుమారి చేత ఇంజెక్షన్ చేయించుకోని కుటుంబం అక్కడ లేదు. రాధారాణి కళ్ళు తుడుచుకుంది. నా భార్య, నేను గీసిన ఆరామం గురించి వాడు చెబితే కళ్ళు తుడుచుకుంది.

నేను లేచి నిలబడ్డాను.

"ఒక్క మాట," అన్నాను. "ఆ ఆరామం ప్లాను గీసింది నేను." గొట్టంలోంచి ప్రింటు తీసి, నమూనా పక్కన పరిచి, నాలుగు మూలలా కాఫీ కప్పులు పెట్టాను. "తూర్పున తొమ్మిది గదులున్నాయి. గుమ్మం లేదు."

మైకు కొంచెంసేపు ఊరికే కూసింది. లిండా ప్రింటు మీదికి వంగింది. వేలితో తూర్పు గోడ పొడవునా రాసుకుంటూ పోయింది. తలెత్తి, "ఇది మీరే కొలిచారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఈ కాగితం మీద ప్రతి గీతా నాది," అన్నాను. అందులో అబద్ధం లేదు.

దైవాశీర్వాదం వేదిక దిగి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. కింద మూలన ఇరవై నాలుగేళ్ళ కిందటి నా సంతకం ఉంది. వాడు ఏదో ఒకటి అంటాడని, నువ్వెప్పుడు చూశావురా అని నిలదీస్తాడని, వాదనకి సిద్ధంగా ఉన్నాను.

"వాడు టేపు పట్టినవాడమ్మా," అన్నాడు లిండాతో. "నేను మస్టరు రాసినవాణ్ణి. వాడి గీతే కరెక్ట్ అయ్యుంటది. నేను పొరబడి ఉంటా."

మైకు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. శ్రీధర్ గబగబా భోజనాలు ప్రకటించాడు. పులిహోర ప్లేటు పట్టుకుని నలుగురైదుగురు నా దగ్గరికొచ్చి, ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ, ఆ ప్లానులన్నీ మీరు గీసినవేనా అన్నారు. ఆ మాటల కోసం ఇరవై నాలుగేళ్ళు కాచుకున్నాను, కాబట్టి అన్నిటికీ జవాబు చెప్పాను. దైవాశీర్వాదం ఎప్పుడు వెళ్ళిపోయాడో చూడలేదు.

కార్లో మీనా ఒక్కటే మాట్లాడింది. "అంకుల్ లంచ్ తినలేదు, డాడీ." నిమిట్జ్ ఫ్రీవే మీద ఆ మధ్యాహ్నం ట్రాఫిక్ లేదు, అయినా ఇల్లు చేరేసరికి చాలాసేపైనట్టనిపించింది.

రాధారాణి చీర కూడా మార్చుకోకుండా సింకు దగ్గర నిలబడింది. పొద్దుటి గిన్నెలు అప్పటికే కడిగినవి, వాటినే మళ్ళీ కడుగుతోంది. మీనా గదిలోకి వెళ్ళాక అంది, "కలరా సూదులు వేసిన వారం మీరు మా వీధిలో సైకిలు తొక్కుతున్నారు."

నేను రేకు గొట్టం తలుపు మూలన ఆనించాను.

"మా నాన్నగారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటే ఏడుసార్లు అటూ ఇటూ తిరిగారు. కిటికీలోంచి లెక్కపెట్టాను."

"అందరం మడిచే గీశాం రాధా. ఆ రోజుల్లో పద్ధతి అది. అయినా అదంత పెద్ద సంగతేం కాదు, వాడే ఒప్పుకున్నాడు కదా."

"మిమ్మల్ని నమ్మి ఒప్పుకున్నారు." కుళాయి కట్టేసింది. "ఇన్నేళ్ళూ అది నా గొప్ప అనుకున్నానండీ. నా కోసం పది రోజులు ఉండిపోయారని. ఇవాళ హాల్లో తల ఎత్తుకోలేకపోయాను."

"వాడికి చెప్పేస్తావా ఏంటి?"

"నేనెందుకు చెబుతాను? నేను కొలిచానా, గీశానా?" చేతులు తుడుచుకుని మీనా గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నీ వేళకి జరిగేవి. కాఫీ వేళకి వచ్చేది, లంచ్ డబ్బా వేళకి తయారయ్యేది. కోపం వస్తే దగ్గరికొచ్చి అనే ఆ మాట మాత్రం మళ్ళీ వినలేదు. నేను కావాలని రెండుసార్లు కోపం తెచ్చుకుని చూశాను కూడా. ఆమె విని, సరేనండీ అని పక్కకి వెళ్ళిపోయింది.

ఆదివారాలు దైవాశీర్వాదం రావడం మానేశాడు. చర్చి అయ్యే వేళకి రాధారాణి ఒక కంచం ఎక్కువ పెట్టేది, రెండింటికి తీసేసేది.

లిండా నాకే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. నేను రెండు శనివారాలు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి కొలతలు దగ్గరుండి చూశాను. మోడల్ చేసే కుర్రాళ్ళు పల్చటి చెక్కతో తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది గదులు నిలబెట్టారు. పక్కన పెట్టే అట్ట మీద ప్లాను వేసినవారు అని నా పేరు ఉంటుందన్నారు. నేను కోరుకున్నదంతా ఒక్కొక్కటీ వచ్చింది. ఏదీ రుచించలేదు. ఆ తూర్పు గోడ చూసినప్పుడల్లా వాడు చూసినదాన్ని నేను చూడలేదనే మంట అలాగే ఉంది. పైగా ఇప్పుడు దాన్ని చల్లార్చుకోవడానికి ఇంక చేయగలిగింది కూడా ఏమీ లేదు.

ఆగస్టు రెండో వారంలో లిండా, "ప్రారంభానికి మీ స్నేహితుణ్ణి కూడా తీసుకురండి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు," అంది. ఆవిడ అడిగింది కాబట్టే వెళుతున్నానని నాకు నేను చెప్పుకుని, శనివారం పొద్దున్నే వాడింటికి వెళ్ళాను.

తలుపు తీసి, "రారా," అన్నాడు. గడ్డం పెరిగి ఉంది. భోజనాల బల్ల నిండా ఫోటోలు, ఉత్తరాలు, ఒక పాత బైబిలు, విమలకుమారి నర్సింగ్ సర్టిఫికెట్లు. కూర్చోవడానికి కుర్చీ ఖాళీ చేశాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"ఆ రోజు దాని చీర రంగు." ఒక ఉత్తరం మడిచి పక్కన పెట్టాడు. "తెల్లచీర, నీలం అంచు అని నా జ్ఞాపకం. గుమ్మమే లేదంటే మరి అది ఎక్కడ కూర్చుందిరా? బల్ల ఎక్కడేశారు? ఉత్తరపు గుమ్మంలో వేసుంటారు. అక్కడ ఏటిగాలి రాదుగా మరి. అయితే గాలి సంగతి కూడా నేనే కల్పించుకున్నానా? నెల రోజులుగా ఇదే పని. మస్టరు రాసేవాడికి సూది వద్దా అన్నది నిజంగా అదేనా, నేను తర్వాత అల్లుకున్నానా? అడుగుదామంటే అది లేదాయె."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

"తూర్పు వైపు నేను కొలవలేదురా," అన్నాను.

వాడు తలెత్తాడు. తెనాలి, మేనత్త ఇల్లు, సైకిలు, వరద, సూపర్‌వైజరు, మడత, అన్నీ చెప్పాను. మే నెలలో గరాజ్‌లో నవ్వుకున్నదీ చెప్పాను. పదిమందిలో నీ గాలి తీయాలని ఆగాను, నీ మీద అసూయతో చచ్చిపోయాను అని కూడా చెప్పాను. వాడు చివరిదాకా అడ్డు రాకుండా విన్నాడు.

"చెల్లెమ్మకి తెలుసా?"

"తెలుసు."

"హాల్లో కూర్చున్నప్పుడు కూడానా?"

"తెలుసు. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు."

వాడు ఫోటోలు ఒకదాని మీద ఒకటి సర్ది రబ్బరు బ్యాండు వేశాడు. తిడితే బాగుండును. కొట్టినా సహించేవాణ్ణి.

"పద," అన్నాను. "లిండాకి ఇప్పుడే చెబుదాం. నేనే చెబుతాను. ఇంకా వారం టైముంది."

వాడు లేచి గడ్డం గీసుకుని, ఆ సభ రోజు వేసుకున్న కోటే వేసుకుని వచ్చాడు. బే బ్రిడ్జి మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాం.

మ్యూజియంలో మోడల్‌కి ఇంకా అద్దం బిగించలేదు. గోడలకి ఇటుక రంగు వేశారు, ముంగిట్లో ఇసక చల్లారు, తూర్పున కృష్ణకి నీలం రంగు వేసి వార్నిష్ పూశారు. నేను లిండాకి ఇంగ్లీషులో చెప్పుకున్నాను. ఆ వారం నేను అక్కడ లేనని, సగం మడిచి గీశానని, ఆరామం ఆ వైపు చూసినవాళ్ళలో నాకు తెలిసి మిగిలింది దైవాశీర్వాదం ఒక్కడేనని. చెబుతుంటే చెవులు కాలిపోయాయి. ఆవిడ కోప్పడలేదు. మోడల్ చేసే కుర్రాణ్ణి పిలిచింది. అతను సన్నటి కత్తి, పెన్సిలు తెచ్చాడు.

"ఒక గంట పని," అన్నాడతను. "ఎక్కడ కొయ్యాలో చూపిస్తే చాలు."

లిండా దైవాశీర్వాదానికి దారిచ్చింది. "మిస్టర్ ఆశీర్వాదం, ఏ గది?"

వాడు మోడల్ మీదికి వంగాడు. తూర్పు వరసలో అయిదో గది మీద వేలు పెట్టాడు. కొంచెం ఆగి ఆరో గది మీదికి జరిపాడు. మళ్ళీ అయిదో గదికి వచ్చాడు. తల తిప్పి ఉత్తరపు గుమ్మం వైపు చూశాడు. అక్కడ కూడా కుర్రాళ్ళు చిన్న గడపరాయి పెట్టారు. వాడి పెదవులు కదులుతున్నాయి, పేర్లు పిలుచుకుంటున్నట్టు. కుర్రాడు పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపల అయిదు అయిదు అయిదు అని అనుకుంటూనే ఉన్నాను, ఎందుకో నాకే తెలియదు.

వాడు చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాడు.

"తెలియనిది తెలుసని చెప్పలేనమ్మా," అన్నాడు లిండాతో, మెల్లగా, ఇంగ్లీషులో. "వాడు గీసిందే ఉంచండి." తర్వాత నా వైపు తిరగకుండానే తెలుగులో అన్నాడు, "మే నెల్లో అడిగుంటే కళ్ళు మూసుకుని చూపించేవాణ్ణిరా."

లిండా చాలా నచ్చజెప్పింది. గుమ్మం ఉండి ఉండవచ్చని ఒక వాక్యం రాస్తానంది. వాడు ఒప్పుకోలేదు. కుర్రాడు కత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో వాడు కిటికీలోంచి బే నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. వాడి దగ్గర నేను అసూయపడటానికి ఇక ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చి రాధారాణికి జరిగిందంతా చెప్పాను, నేను ఒప్పుకున్నానని రెండుసార్లు చెప్పాను. ఆమె విని, "అన్నయ్య గారు ఏమైనా తిన్నారా?" అని అడిగింది. నేను చూడలేదన్నాను. అన్నం, పప్పు, పచ్చడి క్యారియర్‌లో సర్దుకుని మీనాని తీసుకుని వాడింటికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు.

ఎగ్జిబిషన్ క్రిస్మస్ దాకా నడిచింది. వేలమంది చూశారట. మోడల్ పక్కన అట్ట మీద నా పేరు స్పెల్లింగ్ తప్పు లేకుండా అచ్చు వేశారు. మీనాని వాళ్ళ స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారు. రాధారాణి వెళ్ళలేదు.